వెలనాటి దారిలో రాతి సాక్షులు

బ్రహ్మదేవుడికి గుడి ఉండదనీ పూజలు ఉండవనీ చిన్నప్పట్నుంచీ వింటూనే ఉంటాం. తెనాలి చుట్టుపక్కల వాళ్లు మాత్రం ఆ మాట అంత తొందరగా ఒప్పుకోరు. తెనాలికి ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న చేబ్రోలులో, కోనేటి నడుమ చిన్న గుళ్లో నాలుగు ముఖాలతో కొలువై ఉన్నాడాయన. గుంటూరు నుంచైతే పొన్నూరు రోడ్డులో పదిహేను కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు గుంటూరు-తెనాలి మార్గంలో వేజండ్ల దగ్గర దిగి ఆటో ఎక్కొచ్చు.

గర్భగుడిలోకి తొంగిచూస్తే ముందు కాస్త తికమకగానే ఉంటుంది. ఇది బ్రహ్మ విగ్రహమా, శివలింగమా? రెండూ. లింగానికి నాలుగు వైపులా బ్రహ్మ రూపాన్ని మలిచారు. దీని వెనకాల ఓ కథ ఉంది. శివుడు ఆద్యంతాల్లేని అగ్నిస్తంభమై నిలిచినప్పుడు పైకొస చూసి రావడానికి బ్రహ్మ వెళ్లాడు. కొస కనపడలేదు. అయినా చూశానని అబద్ధమాడాడు. మొగలిపువ్వుతో దొంగసాక్ష్యం చెప్పించాడు. నీకు భూమ్మీద పూజలుండవని శివుడు శపించాడు. మరి శాపం ఉండగా గుడి ఎలా కట్టడం? కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు ఆ చిక్కును ఇలా విడగొట్టాడని చెబుతారు. అభిషేకం లింగానికి, ఆ నీళ్లు తడిపేది బ్రహ్మని. శాపం శాపమే, పూజ పూజే!

అమరావతి జమీందారుగా ప్రసిద్ధుడైన ఈ నాయుడు 1816లో కన్నుమూశాడు. అంటే బ్రహ్మగుడి వయసు మహా అయితే రెండొందల ఏళ్ల పైమాట. చేబ్రోలు వచ్చేవాళ్లలో చాలామంది ఈ గుడి చూసి, కోనేటి గట్టున ఫొటో దిగి బస్సెక్కేస్తారు. అసలు చేబ్రోలు మొదలయ్యేది అక్కణ్నుంచే.

రెండువేల ఏళ్ల నాటి మాట

ఊళ్లో భీమేశ్వరుడు, నాగేశ్వరుడు, ఆదికేశవుడు... ఎవరి గుడి వారిది. తూర్పు చాళుక్యుల కాలం నాటిదని చెప్పే భీమేశ్వరాలయానికి మరమ్మతులు చేస్తున్నప్పుడు ఓ రాతిస్తంభం బయటపడింది. దానిమీద బ్రాహ్మీ లిపిలో సంస్కృత శాసనం. శాతవాహన వంశపు చివరి రాజుల్లో ఒకడైన విజయుడి అయిదో పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 207లో వేయించినది. తాంబ్రాపె అనే ఊళ్లో శక్తిమాతృకా భగవతి గుడి దగ్గర కార్తీక అనే ఆయన ప్రాసాదాన్ని, మండపాన్ని, ప్రతిమను చేయించినట్లు అందులో ఉంది. దక్షిణ భారతంలో అప్పటివరకు దొరికిన సంస్కృత శాసనాల్లో అన్నిటికన్నా పాతది ఇదేననీ, సప్తమాతృకల ప్రస్తావనల్లోనూ ఇదే మొదటిదనీ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ శాసన విభాగం 2019 డిసెంబరులో ప్రకటించింది. అంతకుముందు ఆ గౌరవం నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల శాసనానికి ఉండేది.

ఆ తాంబ్రాపే ఈ చేబ్రోలు. తామ్రమంటే రాగి, ఎర్రనిది. తెలుగులో 'చెన్' అన్నా ఎరుపే. చెంబ్రోలు కాస్తా చేబ్రోలైంది. చివర ఉన్న 'ప్రోలు' అంటే ఊరు, పట్టణం. ఈ చుట్టుపక్కల బోర్డులు చదువుకుంటూ పోతే ఆ మాట అడుగడుగునా తగులుతుంది... నిడుబ్రోలు, భట్టిప్రోలు, చివరికి చందవోలు కూడా.

ఒక్కసారి ఆలోచించండి. మరమ్మతుల కోసం రాళ్లు కదపకపోయినా, కదిపినవాళ్లు ఆ స్తంభాన్ని ఏ పునాదిలోకో తోసేసినా ఈ ఊరికి అంత పాత చరిత్ర ఉన్నట్టు ఎవరికి తెలిసేది? పద్దెనిమిది వందల ఏళ్లు నోరు మెదపకుండా ఉన్న సాక్షిని పలకరించింది అదృష్టమే.

చేబ్రోలు గురించి మరో సాక్ష్యం బెజవాడలో ఉంది. పదో శతాబ్దిలో యుద్ధమల్లుడు అక్కడ వేయించిన శాసనం తెలుగు సాహిత్య విద్యార్థులందరికీ పరిచయమే. మధ్యాక్కర పద్యాల్లో ఉన్న ఆ శాసనం చేబ్రోలు కుమారస్వామి జాతరకని బెజవాడ వచ్చి, ఆ చోటు నచ్చి అక్కడే ఉండిపోయాడని చెబుతుంది. చేబ్రోలు నుంచి చదువులకూ ఉద్యోగాలకూ విజయవాడ వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుర్రాళ్లను ఇంట్లో వాళ్లు తప్పు పట్టడానికి లేదన్నమాట. దారి చూపించింది ఊరి దేవుడే!

ఏనుగులు కాచినవాడి నాట్యశాస్త్రం

చేబ్రోలు పేరు చెప్పగానే చరిత్రకారులకు గుర్తొచ్చేది మాత్రం జాయప సేనాని. కాకతి గణపతిదేవుడి గజబలానికి అధిపతి. కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమ వాళ్లది. గణపతిదేవుడు తీరాంధ్రం మీదికి దండెత్తి దివిసీమను గెలిచాక ఆ ఇంటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను చేరదీసి పెంచి పెద్దచేశాడు. ఓడినవాళ్ల పిల్లవాడు గెలిచినవాడి సేనాని అయ్యాడు.

జాయప తన తండ్రి పినచోడుడి పేరిట చేబ్రోలులో చోడేశ్వరాలయం కట్టించాడు. ఆ సంగతి చెప్పే శాసనం శక సంవత్సరం 1135 నాటిది. శక సంవత్సరానికి 78 కలిపితే మనకు తెలిసిన లెక్క వస్తుంది... 1213. పిల్లల్ని వెంట తీసుకెళ్లినవాళ్లు ఈ కూడిక వాళ్లతోనే చేయిస్తే బాగుంటుంది. తర్వాత ఎక్కడ శాసనం కనిపించినా అంకెల కోసం వాళ్లే వెతుకుతారు.

యుద్ధంలో ఏనుగుల్ని నడిపించిన ఈ మనిషి 1253-54 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' అనే సంస్కృత గ్రంథం రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతి. మిగతా నాలుగూ దేశి... అంటే జనం ఆడే ఆటలు. పేరణి, గోండలి లాంటివన్నీ అందులో ఉన్నాయి. పండితుడు శాస్త్రాన్ని తిరగరాయడం వింత కాదు. ఓ సేనాధిపతి జనం మధ్య నిలబడి ఎవరు అడుగు ఎలా వేస్తున్నారో చూసి, దానికి సగం పుస్తకం కేటాయించడం వింత. తాళపత్రాల్లో మిగిలిన ఆ గ్రంథాన్ని డాక్టర్ వి.రాఘవన్ పరిష్కరించగా 1965లో మద్రాసులో అచ్చయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దాన్ని తెలుగులోకి తెచ్చారు. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ వేదికనెక్కించడానికి రామప్పగుడి శిల్పాలతో పాటు దన్నుగా నిలిచింది ఈ పుస్తకమే.

ఇప్పుడు పేరిణి అనగానే ఓరుగల్లు, రామప్ప గుర్తొస్తాయి. రావాల్సిందే. కానీ దాన్ని కాగితానికెక్కించిన మనిషి గుడి కట్టించుకున్న ఊరు చేబ్రోలు. ఈ సంగతి తెలిసి వచ్చే యాత్రికులు తక్కువే.

దేవుడే సాక్షి

చేబ్రోలు నుంచి పొన్నూరు దారి పడితే రెండు వైపులా పచ్చదనమే. వరిచేలు, అక్కడక్కడా తమలపాకు తోటలు. పొన్నూరులో నిలువెత్తు ఆంజనేయుడు, గరుత్మంతుడి విగ్రహాలు చూడ్డానికి ఎప్పుడూ జనం ఉంటారు. అక్కడి దేవుడి పేరు సాక్షి భావనారాయణస్వామి.

దేవుడు సాక్షి ఎందుకయ్యాడు? స్థలపురాణం చెప్పేది ఇదీ. మేనమామ, మేనల్లుడు కలిసి కాశీకి వెళ్లారు. మేనల్లుడు చేసిన సేవకు సంతోషించి, కూతుర్నిస్తానని మామ దేవుడి ఎదుట మాటిచ్చాడు. ఊరొచ్చాక మాట తప్పాడు. కాశీలో ఇచ్చిన మాటకు ఊళ్లో సాక్ష్యం ఎవరు చెబుతారు? దేవుడే నడిచివచ్చి చెప్పాడు, చెప్పి ఇక్కడే ఉండిపోయాడు. చేబ్రోలు బ్రహ్మ కథలో దొంగసాక్ష్యం, పొన్నూరు కథలో నిజమైన సాక్ష్యం. మధ్యలో ఓ బస్సు టిక్కెట్టు దూరం!

పొన్నూరు నుంచి రోడ్డు చందవోలుకు చీలుతుంది. 2022 ఏప్రిల్లో కొత్తగా ఏర్పడ్డ బాపట్ల జిల్లాలో పిట్టలవానిపాలెం మండలంలో ఉందీ ఊరు. బాపట్ల-రేపల్లె దారిలో వెళ్లేవాళ్లకూ తగులుతుంది. బండ్లమ్మ తల్లి ఊరిగా చుట్టుపక్కల పల్లెలకు పరిచయం. శ్రీవిద్యోపాసకులు తాడేపల్లి రాఘవనారాయణశాస్త్రి గారిని 'చందోలు శాస్త్రిగారు' అనే పిలిచేవారు.

ఇప్పుడు చూస్తే మామూలు పల్లె. కానీ తొమ్మిది వందల ఏళ్ల కిందట ఇదో రాజధాని! అప్పటి పేరు సనదుప్రోలు. సంస్కృత శాసనాల్లో ధనదపురం. ధనదుడంటే కుబేరుడు. ఇక్కణ్నుంచి ఏలినవాళ్లు వెలనాటి చోడులు. పేరు చూసి తంజావూరు చోళులనుకునేరు. కాదు, ఇక్కడి తెలుగు నేతలే. చోళ చక్రవర్తి కులోత్తుంగుడికి విధేయులుగా ఎదిగారు. ఏలిక పేరు బిడ్డకు పెట్టుకోవడం అప్పటి మర్యాద. గొంకరాజు కొడుకు చోడుణ్ని కులోత్తుంగుడు కొడుకులా చూసుకుని వేంగినాడు అప్పగించాడని, ఈ వంశపు చివరి రాజు పృథ్వీశ్వరుడి కాలం నాటి పిఠాపురం శాసనం (1186) చెబుతుంది.

తెలుగువాళ్లందరికీ తెలిసిన కథ ఒకటి ఈ ఊరి గడప దాటే మొదలైంది. పలనాటి అనుగురాజుకు ఇచ్చిన మైలమాదేవి వెలనాటి వారి ఆడపడుచు. ఆమె కొడుకే నలగామరాజు. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, 1182 ప్రాంతంలో కారెంపూడి యుద్ధం... తర్వాతి కథ పల్నాటి వీరచరిత్ర. ఆ పోరులో అయినవాళ్ల పక్షాన దిగి వెలనాటివారూ చితికిపోయారని చరిత్రకారులు అంటారు. కారెంపూడిలో వీరులకు ఏటా తిరునాళ్లు జరుగుతాయి. పుట్టింటి ఊరిని ఎవరూ తలుచుకోరు.

మరో కథ వినడానికి కష్టంగా ఉంటుంది. శివకవి మల్లికార్జున పండితారాధ్యుడు వెలనాటి చోడుడి కొలువుకు వచ్చి బౌద్ధ పండితుడితో వాదించాడట. వాదం చినికి చినికి హత్యకు దారితీసింది. పండితారాధ్యుడి శిష్యులు ఆ బౌద్ధుణ్ని చంపేశారు. రాజు పండితారాధ్యుడి కళ్లు పీకించాడు. ఆయన శివుడి దయతో చూపు తెచ్చుకుని రాజును శపించాడు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో చెప్పిన కథ ఇది. ఎంతవరకు జరిగిందన్నది పక్కనపెడితే, శైవుల వైపు నుంచి రాసిన ఈ కథ ఓ సంగతి దాచలేదు... రాజు కొలువులో బౌద్ధుడికి చోటుండేది. చందవోలుకు దగ్గర్లోనే ఉన్న భట్టిప్రోలు చూస్తే అందులో ఆశ్చర్యం ఉండదు. అక్కడి మహాస్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన ధాతువుల కరండాల మీది అక్షరాలు క్రీస్తు పూర్వం నాటివి. అందులో కనిపించే రాజు పేరు కుబీరకుడు. ఇక్కడా కుబేరుడే! తెనాలి-రేపల్లె రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. స్టేషన్లో దిగినవాళ్లు స్తూపం చూసి తర్వాతి రైలుకు రేపల్లె చేరుకోవచ్చు.

పృథ్వీశ్వరుడితో వెలనాటి చోడుల కథ ముగిసింది. పదమూడో శతాబ్ది మొదట్లోనే గణపతిదేవుడు ఈ నేలను కాకతీయ రాజ్యంలో కలిపేసుకున్నాడు. ఆ తర్వాతే జాయప వచ్చి చేబ్రోలులో గుడి కట్టించింది. చందవోలులో మిగిలింది లింగోద్భవస్వామి గుడి. శివుడు అగ్నిస్తంభమై నిలిచిన ఘట్టమే లింగోద్భవం. పొద్దున చేబ్రోలులో మొదలైన బ్రహ్మ కథకు మొదటి సగం ఇక్కడ ఉందన్నమాట.

ఇరవై అయిదు ఆవులు, ఒక దీపం

బాపట్ల అనగానే ఇప్పుడు అందరికీ సూర్యలంక గుర్తొస్తుంది. శని, ఆదివారాలు కార్లన్నీ సముద్రం వైపే. ఊరికి పేరిచ్చిన గుడి మాత్రం ఊళ్లోనే ఉంది. భావనారాయణస్వామి ఉన్నందుకు భావపురి, అదే బాపట్ల. క్రిమికంఠ చోళుడు కట్టించాడని స్థలపురాణం. ఇక్కడి దేవుణ్ని క్షీర భావనారాయణుడంటారు.

ఈ గుడి రాళ్ల మీద ఉన్న శాసనాలు వెలనాటి కాలపు బతుకును చూపిస్తాయి. బాపట్లేమిటి, ఈ సీమ గుళ్లలో ఎక్కడ చూసినా ఎక్కువ శాసనాలు చెప్పేది యుద్ధాల గురించి కాదు, దీపాల గురించి. ఉత్తరాయణ సంక్రాంతి నాడో గ్రహణం నాడో ఒకరు వచ్చి, అమ్మానాన్నల పుణ్యం కోసం గుళ్లో అఖండదీపం పెట్టిస్తారు. రాణులున్నారు, మంత్రులున్నారు, వర్తకులు, బంట్లు, వాళ్ల ఇల్లాళ్లూ ఉన్నారు. దీపం అంటే డబ్బు కట్టి రసీదు తీసుకోవడం కాదు. ఇరవై అయిదు ఆవుల్నో, యాభై అయిదు గొర్రెల్నో గుడికి ఇవ్వాలి. ఆ మందను ఓ కాపరి తీసుకుంటాడు. అందుకు బదులుగా రోజూ మానెడు నెయ్యి దీపానికి పోస్తానని ఒప్పుకుంటాడు. తను, తన కొడుకులు, మనవలు... సూర్యచంద్రులున్నంత కాలం. పేరు చివర 'బోయ' అని ఉండే అలాంటి కాపరుల పేర్లు రాజుల పేర్ల పక్కనే రాతికెక్కాయి. చివర ఓ హెచ్చరిక ఉంటుంది. ఈ ధర్మానికి చెరుపు చేసినవాడు గంగ ఒడ్డున వేయి గోవుల్ని చంపిన పాపాన పోతాడని.

ఎంత కచ్చితమైన ఏర్పాటు! అసలు మందగా ఉంటుంది, నెయ్యి వడ్డీగా వస్తుంది. మంద పెరిగితే కాపరికి లాభం, నెయ్యి తగ్గితే గోడ మీద ఊరంతా చదివేలా పేరుంది. 1855లో విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక ఇదంతా కాలువల కింది మాగాణి అయింది. అంతకుముందు ఈ ప్రాంతంలో మేతబీళ్లు ఎంత విస్తారంగా ఉండేవో దీపాల లెక్క చూస్తే ఊహకందుతుంది.

ఇవన్నీ ఇవాళ మనకు తెలిశాయంటే కారణం ఉంది. మద్రాసు ప్రభుత్వ కాలంలో శాసన శాఖ వాళ్లు ఊరూరా తిరిగి నకళ్లు తీశారు. తడిపిన కాగితాన్ని రాతికి అతికించి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేస్తారు. ఆరుతుండగా పైన సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. ఆ నకళ్లే 'దక్షిణ భారత శాసనాలు' సంపుటాల్లో అచ్చయ్యాయి. ఒక్కో ఊళ్లో రాయి పోయినా కాగితం మిగిలింది అందువల్లే.

రాయి పోతుందా అంటే పోతుంది. 2010 మేలో శ్రీకాళహస్తి రాజగోపురం కుప్పకూలింది అందరికీ గుర్తే. ఆ మరుసటేడు, 2011లో బాపట్ల భావనారాయణస్వామి గుడి గాలిగోపురం కూలిపోయింది. గోపురాన్నయితే మళ్లీ కట్టుకోవచ్చు. అక్షరాలున్న రాయి పగిలితే దాన్ని మళ్లీ చెక్కేవాళ్లు ఎవరూ లేరు. కూలేదాకా కూడా అక్కర్లేదు. పాత గుళ్లకు కొత్త కళ తేవాలనే ఉత్సాహంలో చాలా ఊళ్లలో రాతిస్తంభాలకు సున్నాలు, రంగులు పూసేస్తున్నారు. ఇసుక చిమ్మి రాళ్లు తోమిస్తున్నారు. దాతల పేర్లతో కొత్త పలకలు బిగిస్తున్నారు. కింద ఉన్న పాత దాత పేరు గురించి అడిగే దిక్కులేదు. వేయి గోవుల పాపం సంగతి ఆ మేస్త్రీకి తెలియదు, తెలియాల్సినవాళ్లు చెప్పరు.

అందుకే ఈ గుళ్లకు వెళ్లినప్పుడు దర్శనమయ్యాక వెంటనే చెప్పుల దగ్గరికి పరుగెత్తకుండా ఓ పది నిమిషాలు గోడల వైపు చూడాలి. ఎండ వాలుగా పడే సాయంత్రం వేళ అయితే మరీ మంచిది, గుంటల్లో నీడ నిలిచి అక్షరాలు పైకి లేచినట్టు కనిపిస్తాయి. పన్నెండో శతాబ్ది తెలుగు లిపి కొత్తగా అనిపించినా మరీ పరాయిది కాదు. కాసేపు చూస్తే ఒక 'గ', ఒక 'న', ఒక 'ర' చిక్కుతాయి. వాటిని ముందుగా పట్టేది పిల్లలే. వాళ్లకి ఇంకా ఒత్తుగా రాసే అలవాటు ఉంటుంది కదా!

ఈలోగా గుళ్లో దీపాలు పెట్టే వేళవుతుంది. ఇప్పుడు ఆవుల మందలు లేవు. భక్తులు నూనె ప్యాకెట్లు తెచ్చి ఇస్తారు. చీకటి పడ్డాక మద్రాసు మార్గంలో వచ్చే రైళ్లకు బాపట్ల స్టేషన్లో టిక్కెట్టు తీసుకుంటే అప్పికట్ల, నిడుబ్రోలు మీదుగా గంటలోపే మళ్లీ తెనాలి.